లాటరీ గేటు తెరిస్తే ఎవరెవరు వస్తారు?
(సంఘం సభలో చేసిన ప్రసంగ పాఠం)



హిమాచల్ ప్రదేశ్‌లో 1999లో ఆపేసిన లాటరీని మళ్లీ మొదలుపెట్టాలని అక్కడి మంత్రివర్గం 2025 జూలైలో నిర్ణయించింది. కొండల్లో ఆపిల్ పండించే రాష్ట్రం గొడవ మనకెందుకని అనుకోవద్దు. మన రెండు రాష్ట్రాల్లో ఇవాళ ప్రభుత్వ లాటరీ లేదు. కానీ ఖజానా ఖాళీ అయిన ఏ ప్రభుత్వానికైనా ఈ ఆలోచన రావచ్చు.

వాళ్లు చెప్పిన కారణం ఆదాయం. ఏడాదికి 50 నుంచి 100 కోట్లు వస్తాయని అంచనా. ఆ రాష్ట్రం అప్పు లక్ష కోట్లు దాటింది. మనం వడ్డీ లెక్కలు తెలిసినవాళ్లం. 100 కోట్లంటే ఆ అప్పులో వెయ్యో వంతు. అసలు సంగతి అటుంచండి, వడ్డీలో ఓ మూలకు కూడా రాదు.

ఇంతకన్నా పెద్ద చిక్కు చట్టంలో ఉంది. ప్రభుత్వ లాటరీలు రాజ్యాంగంలోని కేంద్ర జాబితాలో 40వ అంశం. ఆ అధికారంతోనే పార్లమెంటు 1998లో లాటరీల నియంత్రణ చట్టం చేసింది. అందులో 5వ సెక్షన్ ప్రకారం ఏ రాష్ట్రమైనా బయటి రాష్ట్రాల టికెట్లను తన గడ్డ మీద అమ్మకుండా నిషేధించవచ్చు. అయితే బి.ఆర్. ఎంటర్‌ప్రైజెస్ కేసులో సుప్రీంకోర్టు 1999లో దీనికో షరతు పెట్టింది. ఆ నిషేధం పెట్టే రాష్ట్రం తాను కూడా లాటరీ నడపకూడదు. ప్రభుత్వం నడిపినా లాటరీ జూదమేనని కూడా ఆ తీర్పే చెప్పింది.

అంటే సొంత లాటరీ తెరిచిన రోజే సిక్కిం, నాగాలాండ్ టికెట్లను కాదనే హక్కు పోతుంది. మన కంచె మనమే పీకేసి, పక్కవాడి గొడ్లు చేలో పడ్డాయని ఏడ్చినట్టు ఉంటుంది. కేరళ ఏళ్ల తరబడి బయటి లాటరీలతో కోర్టుల్లో కొట్లాడాల్సి వచ్చింది.

కేరళలో మంచి జరగలేదా అని అడుగుతారు. జరిగింది. 1967లో మొదలైన ఆ లాటరీ టికెట్లు అమ్ముకుని ఎందరో వికలాంగులు, పేదలు బతుకుతున్నారు. కారుణ్య లాటరీ డబ్బుతో రోగులకు వైద్యసాయం అందింది. కాదనం. కానీ ఆ డబ్బు ఎవరి జేబులోంచి వచ్చింది? ఎక్కువగా రోజు కూలీ చేసుకునేవాడి జేబులోంచే. ఆదాయపు పన్ను కట్టేవాడు లాటరీ షాపు ముందు నిలబడడు. పైగా 2025 సెప్టెంబరు నుంచి లాటరీ మీద జీఎస్టీ 40 శాతం.

మన సేద్యమే వాన మీద ఒక పందెం, మార్కెట్ ధర మీద ఇంకో పందెం. బ్యాంకు రుణం అందని కౌలురైతు పంట పోయిన ఏడాది ఏ ఆశకైనా చెయ్యి చాస్తాడు. ఆ ఆశను ప్రభుత్వ ముద్రతో ఊళ్లోకి పంపవద్దన్నదే మన సంఘం మాట.

ఎవరైనా ఎమ్మెల్యే ఈ ప్రతిపాదన ఎత్తితే రెండే అడగండి: బయటి టికెట్లను ఏ చట్టంతో ఆపుతారు? వచ్చే డబ్బులో సాగుకు ఎంత ఇస్తారో జీవోలో రాస్తారా?