పాతచెక్కతో వంటింటి అరలు
(సమాజ సభలో చేసిన ప్రసంగపాఠము)



తెలుగువారి వంటింట వస్తువులు దాచుటకు పూర్వమునుండి మూడు చోట్లు కలవు: ఉట్టి, అటక, గోడగూడు. పాలు, పెరుగు, వెన్న పిల్లికి అందకుండ ఉట్టిపై నుండెడివి. ఏడాదికొకసారి వాడు గంగాళములు అటక నెక్కెడివి. ఉప్పు, పోపులపెట్టె గూటిలో నుండెడివి. ఈ మూడును ఇంటితో పుట్టినవి. ఇల్లు విడిచినచో వెంట రావు. కేంద్రప్రభుత్వోద్యోగి సంసారమన్ననో, నేడు ఢిల్లీ, రేపు నాగపూరు అని తరలుచుండునది. సర్కారు క్వార్టర్సు గోడలకు ఇష్టము వచ్చినట్లు రంధ్రములు చేయుటకును వీలుండదు. అయినను ఆవకాయ జాడీలు, బియ్యపు డబ్బా, పప్పుల సీసాలు ఎక్కడనో నిలువవలెను గదా! కావున ఇట్టి సంసారమునకు తగిన అరలు తమ కాళ్ళపై తాము నిలువవలెను, బరువు మోయవలెను, బదిలీనాడు విడదీసి కట్ట కట్టుటకు అనువుగా నుండవలెను.

ఇందుకు కావలసిన కలప తరచుగా బదిలీతోనే ఇల్లు చేరును. సామాను వచ్చిన చెక్కపెట్టెలు, విరిగిన మంచపు పట్టెలు, కలప దుకాణములలో మిగిలిన ముక్కలు ఇందుకు చాలును. కాని దొరికిన చెక్కయెల్ల వంటింటికి పనికిరాదు. పొదుపు మంచిదే, పరీక్ష లేని పొదుపు ప్రమాదము.

మొదట పురుగును చూడవలెను. సన్నని రంధ్రములనుండి పొడి రాలుచున్న చెక్క పుచ్చినది. దానిని ఇంటికి తేరాదు. లోపలి చేవ చెదకు కొంత తట్టుకొనును. బెరడు ప్రక్కనుండు తెల్లచెక్క తట్టుకొనదు. రెండవది మందుల సంగతి. విదేశములనుండి సరకు వచ్చిన చెక్కపెట్టెలపై 2002లో ఏర్పడిన అంతర్జాతీయ నియమము ననుసరించి ఒక ముద్ర యుండును. అందు ఎచ్.టి. అను అక్షరములున్నచో ఆ చెక్కను వేడిచేసి పురుగులను చంపిరని యర్థము. ఎం.బి. అని యున్నచో మిథైల్ బ్రోమైడు అను విషవాయువు పట్టించిరని యర్థము. అట్టిదానిని విడిచిపెట్టుట మేలు. నల్లని తారువాసన గల పాత రైలు స్లీపరు చెక్క వంటింటికి ఎంతమాత్రము తగదు.

మూడవది పాతరంగు. ఇండ్లకు వేయు రంగులలో సీసము పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని మన దేశములో 2016లో నియమము చేయబడి, 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వపు రంగులలో సీసము అధికముగా నుండవచ్చును. అట్టి తలుపుచెక్కను గరుకుకాగితముతో రుద్దినచో లేచు ధూళి పసిపిల్లల మెదడుకు చేటు. కావున పాతరంగు పూసిన చెక్కను రుద్దక, కోయక, విడిచిపెట్టుటయే క్షేమము.

ఇక నిర్మాణము. మూడడుగుల వెడల్పు, పది అంగుళముల లోతు, నాలుగున్నర అడుగుల ఎత్తు, నాలుగు అరలు చాలును. రెండంగుళముల మందపు బద్దలు నాలుగు కాళ్ళగును. రెండేసి కాళ్ళ నడుమ నాలుగేసి అడ్డబద్దలు బిగించినచో రెండు చిన్న నిచ్చెనలు తయారగును. వానిని ఎదురెదురుగా నిలిపి, అడ్డబద్దలపై పలకలు పరచుటయే అరలు. అడ్డబద్ద కూర్చుండుచోట కాలిలో అర అంగుళము లోతు గాడి తీయవలెను. అప్పుడు బరువు మేకుపై గాక కొయ్యపై నిలుచును. మేకు సడలును; కొయ్య సడలదు.

పలక మందము విషయమున పొరపాటు పడరాదు. ఒకే బరువు క్రింద అర అంగుళపు పలక, అంగుళపు పలకకంటె ఎనిమిది రెట్లు వంగును. పెట్టె చెక్కలు సాధారణముగా పలుచన. అవి మాత్రమే దొరికినచో ప్రతి అర ముందంచు క్రింద ఒక బద్దను నిలువుగా నిలిపి బిగింపవలెను. అంగుళము మందము, రెండంగుళముల వెడల్పు గల బద్ద, పరుండబెట్టిన దానికంటె నిలువబెట్టినప్పుడు నాలుగు రెట్లు గట్టి.

నాలుగు మూలల చట్రము ఊగును, త్రికోణము ఊగదు. కాబట్టి వెనుకవైపు రెండు బద్దలను ఏటవాలుగా, ఒకదానినొకటి ఖండించునట్లు బిగింపవలెను. స్క్రూలు దించుటకు ముందు బర్మాతో సన్నని రంధ్రము చేయనిచో చెక్క చివరలు చీలును. నిచ్చెనలను పలకలతో, ఏటవాలు బద్దలతో కలుపుచోట్ల మేకులు గాక బోల్టులు వాడినచో బదిలీనాడు రెంచి యొక్కటితో అంతయు విడిపోవును.

పూతకు అవిసెనూనె పలుచగా రుద్దినచో చాలును. అయితే ఆ నూనెగుడ్డలను ఉండచుట్టి మూల పడవేయరాదు. లోలోపల వేడెక్కి తమంతట తామే అంటుకొనగలవు. ఆరుబయట విడదీసి ఆరవేసిన పిమ్మటనే పారవేయవలెను.

ఇక అమరిక. క్రింది అర నేలకు ఆరంగుళముల ఎత్తున నుండినచో చీపురు దూరును. బియ్యము, జాడీలు క్రింది రెండు అరలలో నుండవలెను. నిత్యము తీయు పోపుసామాను వంటచేయువారి భుజమెత్తున నుండవలెను. ఐదుకిలోల ఊరగాయ గల జాడీ, పింగాణితో కలిసి ఏడెనిమిది కిలోలు తూగును. అది పైనుండి పడినచో వేసవిలో పెట్టిన సంవత్సరపు ఊరగాయ పోవుటయే కాదు, క్రింద నాడుకొను పసివాని ప్రాణమునకే ముప్పు. పిల్లలు అరలను నిచ్చెనగా భావించి ఎక్కుదురు. అందుచేత, ఎన్ని రంధ్రములు కూడదన్నను, అనుమతి పొంది గోడకు ఒక్క కొక్కెము బిగించి చట్రపు పైభాగమును దానికి కట్టి తీరవలెను. చీమలమందు, సబ్బు, ఫినాయిలు ఈ అరలపై నుంచరాదు.

పూర్వపు గృహిణులు ఉట్టిత్రాడు చివుకక మునుపే మార్చెడివారు. త్రాడు తెగినపిదప పాలు మిగులవని వారెరుగుదురు. ఈ అరలకును అట్టి జాగ్రత్తయే కావలెను. ఏటికొకసారి బోల్టులు బిగించి, చెద జాడ చూచి, వంగిన పలకను తిరగవేసినచో, ఒకప్పుడు సామాను మోసి వచ్చిన పెట్టెచెక్కయే ఎన్ని బదిలీలైనను వంటిల్లు మోయుచు వెంట నుండును.