ఊక, పేడ, అమ్మ పొయ్యి
(భోగి సభలో చేసిన ప్రసంగం)



భోగి పిడకల దండ గుచ్చడం పిల్లలకు నేర్పుదామంటే ముందు పిడక అంటే ఏమిటో చెప్పాల్సి వస్తోంది. అబ్బాసియా, సాల్మియా ఫ్లాట్లలో పెరిగే పిల్లలు, తప్పు వాళ్ళది కాదు. పేడలో ఇంత ఊక కలిపి గోడకు కొడితే అది మన వంటచెరకు. ఆ కచ్చికతో పళ్ళు తోముకున్నవాళ్ళు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు.

ఇవాళ ఈ మాట ఎత్తింది ఊళ్ళో ఉన్న మన అమ్మల కోసం. దీపం, ఉజ్జ్వల పథకాలు వచ్చాక సిలిండరు లేని ఇల్లు అరుదు. కానీ అమ్మ దాన్ని పొదుపుగా వాడుతుంది. చుట్టాలొస్తే గ్యాసు, వేణ్ణీళ్ళకు, పప్పుకు, గేదె కుడితికి కట్టెల పొయ్యి. మనం ఎంత పంపినా అంతే. మన దేశం వాడే వంటగ్యాసులో సగానికి పైగా దిగుమతి, అందులో ఎక్కువ భాగం ఈ గల్ఫ్ రేవుల నుంచే. గ్యాసు పుట్టేచోట మనం, పొగలో ఆవిడ.

గోదావరి జిల్లాల వాళ్ళకు ఊక కొత్త కాదు. 100 కిలోల ధాన్యం ఆడిస్తే సుమారు 20 కిలోల ఊక వస్తుంది. రేకు డబ్బాలో నడుమ సీసా నిలబెట్టి, చుట్టూ ఊక దట్టించి, సీసా లాగేస్తే పొట్టు పొయ్యి. కడప, అనంతపురం వైపు వేరుశనగ తొక్కు ఉంది. దీన్ని మిషన్లో గట్టిగా నొక్కితే, ఆ వేడికి అందులోని లిగ్నిన్ మెత్తబడి, బంక అక్కర్లేకుండానే దిమ్మలవుతాయి. అయితే ఈ దిమ్మలు ఎక్కువగా ఫ్యాక్టరీ బాయిలర్లకే పోతున్నాయి. ఊక కూడా ఇప్పుడు మిల్లులో ఊరికే రాదు.

మా అభిప్రాయం ఒక్కటే. ఊకైనా దిమ్మైనా వంటింట్లోకి తేకండి. పొగగొట్టం లేని పొయ్యిలో ఏది కాల్చినా పొగే. పెరట్లో నీళ్ళ పొయ్యికి వాడండి, గొట్టం పెట్టించండి. అప్పుడు సిలిండరు పూర్తిగా వంటకే మిగులుతుంది.

పశువులున్న ఇంటికి గోబర్ గ్యాసును మించింది లేదు. రోజుకు 25 కిలోల పేడ, అంతే నీళ్ళు కలిపి పోస్తే సుమారు ఒక ఘనపు మీటరు గ్యాసు. అది దాదాపు అర కిలో ఎల్‌పీజీతో సమానం. పొగ ఉండదు, మిగిలిన పేడనీళ్ళు పొలానికి ఎరువు. ఒక్క గేదె ఉంటే మాత్రం చాలదు, రెండు మూడు ఉండాలి. గడ్డి, ఊక అందులో వేయకండి. త్వరగా కుళ్ళవు, పైన తెట్టు కడతాయి.

ఇంటి దగ్గర గోబర్ గ్యాసు నడుపుతున్నవాళ్ళు, పెట్టించి మానేసినవాళ్ళు ప్రసాదం తీసుకున్నాక కాసేపు ఆగండి. వేసవిలో ఊరెళ్ళే కుటుంబాలు మీతో మాట్లాడాలి. ముఖ్యంగా మానేసినవాళ్ళతో.