తెల్లవారువరకు దీపముండునా?
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగము)



1996 నవంబరు 6వ తేదీ రాత్రి పెనుతుఫాను మన యానాము మీదను, కాకినాడ ప్రాంతము మీదను విరుచుకుపడిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. కరెంటు పోయిన అట్టి రాత్రి ఇంటికి టార్చిలైటును, చిన్న రేడియోయునే దిక్కు. అవి ఎంతసేపు పనిచేయును? భాగహారము నేర్చిన మన పిల్లలు ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలరు.

గాదెలో పది బస్తాల ధాన్యముండి, నెలకొక బస్తా ఖర్చగుచున్నచో పది నెలలు వచ్చును గదా! బ్యాటరీ లెక్కయు అంతియే. సెల్లులోని నిలువను మిల్లీ ఆంపియరు గంటలలోను, పరికరము వాడుకొను కరెంటును మిల్లీ ఆంపియర్లలోను చెప్పుదురు. మొదటిదానిని రెండవదానిచే భాగించినచో గంటలు వచ్చును. మంచి ఆల్కలైన్ పెన్సిలు సెల్లు నిలువ సుమారు 2000 అనుకొందము. రేడియో 40 వాడుకొన్నచో 50 గంటలు; బల్బు టార్చి 400 వాడుకొన్నచో 5 గంటలు.

ఇది కాగితము మీది లెక్క. కరెంటు ఎక్కువగా లాగినకొలది సెల్లు తన నిలువను పూర్తిగా ఈయజాలదు. వోల్టేజి తగ్గుటచే, సెల్లు ఖాళీ కాకముందే పరికరము ఆగిపోవచ్చును. కావున వచ్చిన గంటలలో మూడింట రెండు వంతులనే నమ్ముకొనుట మేలు. వరుసగా రెండు సెల్లులు వేసినచో 1.5 వోల్టులు 3 వోల్టులగునే గాని, నిలువ రెట్టింపు కాదు. చవుకరకపు జింకు సెల్లుల నిలువ ఆల్కలైన్ వానికంటె చాల తక్కువ. పాత సెల్లుతో క్రొత్తదానిని జతచేయరాదు. పాతది ముందుగా నీరసించి, కారి, పరికరమును పాడుచేయవచ్చును.

ఇప్పుడు తుఫాను రాత్రిని తలచుకొనుడు. ఆ టార్చిని ఆర్పకుండ ఉంచినచో మూడు గంటలకే మసకబారును. నవంబరు రాత్రి పండ్రెండు గంటలకు పైబడినది. రేడియోను మాత్రము గంటకు పది నిమిషముల చొప్పున వినినచో దినమునకు నాలుగు గంటలే ఖర్చు. ఎనిమిది దినములు వార్తలు వినవచ్చును. దీపమును పొదుపుగా వాడవలెనని ఈ లెక్కయే చెప్పుచున్నది.

తలిదండ్రులారా! తుఫానుల కాలము రాకముందే ఒక సాయంకాలము టార్చిలో క్రొత్త సెల్లులు వేసి, వెలిగించి, ఎప్పుడు మసకబారునో మీ పిల్లలచేత వ్రాయింపుడు. ఆ కాగితమును టార్చితోనే భద్రపరచుడు. ఆపద వచ్చిన రాత్రి అది మీ ఇంటికి అక్కరకు వచ్చును.