గేర్‌బాక్స్ మార్చిన అంబాసిడర్ కారుకు రివర్స్ లైటు

(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభ్యులలో కొందరు ఉద్యోగకాలంలో కొన్న అంబాసిడర్ కార్లను నేటికీ అపురూపంగా చూసుకుంటున్నారు. ఉత్తర్‌పారా కర్మాగారంలో ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. పాత కార్లలో స్టీరింగ్ పక్కనుండే నాలుగు గేర్ల బాక్సు అరిగిపోయాక, 1990లలో ఇసుజు ఇంజనుతో వచ్చిన మోడల్ నుండి ఇంజనును, ఐదు గేర్ల బాక్సును తెచ్చి బిగించుకున్నవారు ఉన్నారు. గేర్లన్నీ పడుతున్నాయని చూపించగానే మేస్త్రీకి డబ్బు ఇచ్చేస్తాము. రివర్స్ లైటు వైరు మాత్రం అలాగే వేలాడుతూ ఉంటుంది. ఆ లైటు వెలిగేవరకు పని పూర్తి కానట్లేనని నా మనవి.

ఆ లైటు మన చూపు కోసమే కాదు, మన వెనుక ఉన్నవారి కోసం కూడా. వాకిట్లో ముగ్గు వేసే కోడలికి, బంతి కోసం వచ్చిన మనవడికి, ఇంజను చప్పుడు సరిగా వినపడని మన వయసువారికి అది ముందుగా అందే హెచ్చరిక.

పని విధానం సులువే. గేర్‌బాక్సుకు రెండు వైర్ల చిన్న స్విచ్చి ఉంటుంది. రివర్స్ గేరు పడినప్పుడు లోపలి భాగం దానిని నొక్కుతుంది, కరెంటు లైటుకు చేరుతుంది.

మొదట బ్యాటరీ వైరు విప్పాలి. స్విచ్చిని మీటరుతో పరీక్షించాలి. రివర్స్‌లో మాత్రమే రెండు కొసలు కలవాలి, మిగతా గేర్లలో కలవకూడదు.

తరువాత కరెంటు ఎక్కడి నుండి తీసుకోవాలి? బ్రిటిష్ రంగుల పద్ధతిలో గోధుమ రంగు వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. ఆకుపచ్చ వైరులో తాళం తిప్పినప్పుడే, అదీ ఫ్యూజు దాటి వస్తుంది. మనకు కావలసింది ఆకుపచ్చది. స్విచ్చి నుండి లైటుకు వెళ్ళేది ఆకుపచ్చ మీద గోధుమ రంగు చార. అయితే పలు చేతులు పడిన కారులో రంగును నమ్మవద్దు, టెస్ట్ లాంపునే నమ్మండి.

21 వాట్ల బల్బులు రెండు కలిపి 42 వాట్లు. 12 వోల్టుల మీద 3.5 ఆంపియర్లు. 1 చదరపు మిల్లీమీటరు వైరు, దానికి విడిగా 5 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతాయి. పాతకాలపు 35 ఆంపియర్ల గాజు ఫ్యూజు మీద మాత్రమే ఆధారపడితే, అది పోయేలోగా సన్నని వైరు కాలిపోవచ్చు.

వైరును సైలెన్సరు గొట్టానికి, తిరిగే షాఫ్టుకు దూరంగా తీసుకువెళ్ళాలి. రేకులో రంధ్రం ఉన్నచోట రబ్బరు బుష్ వేయాలి. గేర్‌బాక్సు కదులుతుంది గనుక అక్కడ వైరు కాస్త వదులుగా ఉండాలి. లైటు మసకగా ఉంటే ముందు ఎర్తు చూడండి. రంగు గీకి బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది. కొన్ని పాత బ్రిటిష్ తరహా కార్లలో బ్యాటరీ ప్లస్సే ఎర్తుగా ఉంటుంది. మామూలు బల్బుకు ఆ తేడా లేదు, ఎల్ఈడీ బల్బు మాత్రం తిరగబడితే వెలగకపోవచ్చు.

కొందరు గేర్‌బాక్సు స్విచ్చి మానేసి, డ్యాష్‌బోర్డు మీద చేతి స్విచ్చి పెడతారు. దయచేసి ఒప్పుకోవద్దు. వెనక్కి వెళ్ళేటప్పుడు వేయడం మరచిపోతాము, ముందుకు వెళ్ళేటప్పుడు తీయడం మరచిపోతాము. తెల్లని లైటు వెలుగుతూ ముందుకు పోయే కారు వెనుకవారిని తికమక పెడుతుంది.

మరొక మాట. ఇంజను కూడా మార్చదలిస్తే 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కింద ముందుగా రవాణా అధికారుల అనుమతి తీసుకొని, ఆర్.సి.లో నమోదు చేయించాలి. నంబరు తేడా ఉంటే ఇన్సూరెన్సు వద్ద చిక్కు వస్తుంది.

చివరగా ఒక చిన్న అలవాటు. ప్రతి నెలా పింఛను పడిన రోజు సాయంత్రం హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను స్టార్టు చేయకుండా తాళం మాత్రం తిప్పి, రివర్స్ గేరు వేయండి. ఇంట్లో ఒకరిని కారుకు వెనుక కాకుండా పక్కన నిలబడి చూడమనండి. రెండు లైట్లూ వెలిగితే నిశ్చింతగా ఉండవచ్చు. ఒకటి వెలగకపోయినా మర్నాడే బాగు చేయించండి.