విశాఖలో పేట కాపురము

విశాఖపట్నమును చూచుటకు వచ్చినవారికి రెండు దినములు చాలును. ఒక పూట కైలాసగిరి, ఒక పూట కురుసుర జలాంతర్గామి, సాయంకాలము రామకృష్ణా బీచిలో మురీ మిక్చరు, మరునాడు ఋషికొండ. ఆపైన నగరము మిక్కిలి సుందరముగా నున్నదని చెప్పుకొనుచు తిరుగు రైలెక్కుదురు. వారి మాటను మేము కాదనము. అయితే ఉత్తరము నుండి వచ్చు రైలు స్టేషనులో ఆగుటకు ముందు మర్రిపాలెము, కంచరపాలెముల మీదుగా వచ్చును. ప్రయాణికులు ఆ సమయమున సామానులు సర్దుకొను తొందరలో నుందురు గనుక రేకుల కప్పులు, డాబాలపై ఆరవేసిన బట్టలు, కుళాయి చుట్టు పేర్చిన బిందెలు వారి కంట బడవు. మేము కాపురముండునది అట్టి చోటనే. సముద్రము ప్రక్కనున్న పట్టణమున, సముద్రము కనుపించని పేటలలో కాపురము ఎట్లు సాగుచున్నదో, ఆ పేటలు ఎందుకు నిలువవలెనో ఈ ప్రసంగమున మనవి చేయుదుము.

మేము అనగా ఒక్క కుటుంబము కాదు. విజయనగరమునకు సమీపమున, చంపావతి నది దాపున నెల్లిమర్ల అను ఊరు కలదు. రామతీర్థమునకు పోవు భక్తులకును, గోనెసంచుల వర్తకులకును ఆ పేరు తెలిసినదే. చుట్టుపట్ల పొలములలో గోగు పండించుట, కట్టలను నీట నానవేసి నార తీయుట, జూట్ మిల్లులో దానిని వడకి నేయుట మా పెద్దలు ఎరిగిన పనులు. గడియారము లేని యిండ్లలో మిల్లు కూతను బట్టియే పొయ్యి రాజవేసెడివారు. ఆ ఊరి నుండియు, దాని చుట్టునున్న ఊళ్ళనుండియు పని వెదకికొనుచు విశాఖకు వచ్చి స్థిరపడినవారమందరము ఈ 'మేము'లో చేరుదుము.

విశాఖ మమ్ములను ఊరక పిలువలేదు. 1933లో రేవు ప్రారంభమైనది. 1941లో నౌకా నిర్మాణశాలకు బాబూ రాజేంద్రప్రసాదుగారు శంకుస్థాపన చేసిరి. అచ్చట కట్టిన 'జల ఉష' ఓడను 1948లో జవహర్‌లాల్ నెహ్రూగారు నీటిలోనికి విడిచిరి. 1957లో చమురు శుద్ధి కర్మాగారము వచ్చినది. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. 1901లో సుమారు 40 వేల జనము గల పట్టణము 2011 జనగణన నాటికి 17 లక్షలు దాటినది. ఈ లోపల నగరపు హద్దులు పెరిగిన మాట నిజమే. కాని ఆ హద్దులను పెంచినది వచ్చిన జనమే గదా. బరువులెత్తుటకు, ఇనుము అతుకుటకు, లారీలు తోలుటకు, ఇండ్లు కట్టుటకు వచ్చినవారు పనికి నడచిపోగల దూరమున తల దాచుకొనిరి. పేటలు పెరిగిన విధమిది.

పేటల పేర్లు గమనించినచో నగరపు చరిత్ర కొంత తెలియవచ్చును. జాలారిపేట వలవేయువారిని చెప్పును. కంచరపాలెమున కంచరులున్నారు. సోల్జరుపేట పేరున దొరల నాటి పటాలము, బురుజుపేట పేరున పాతకోట బురుజు నిలిచియున్నవి. ఆ బురుజుపేటలోనే శ్రీ కనకమహాలక్ష్మి అమ్మవారు కొలువైయున్నది. అమ్మవారి తలపై కప్పు లేదు. ఎండయు వానయు ఆమె మీదనే పడును. ఏ కులమువారైనను స్వయముగా సమీపించి పసుపు కుంకుమలు సమర్పింపవచ్చును. మార్గశిర మాసపు గురువారములందు ఉత్తరాంధ్రమంతయు ఆ ఇరుకు సందులలోనికి తరలివచ్చును. నగరమునకు ఇలవేల్పు అనదగిన తల్లి మేడల నడుమ గాక పాత పేట సందులలో వెలసి యుండుట మాకు ఎంతో ధైర్యము.

ఇక దినచర్య. కడలి తీరమని పేరేగాని గాలి మాకు వంతులో చివర వచ్చును. పగటివేళ సముద్రము నుండి వీచు చల్లగాలిని తీరమున లేచిన అంతస్తుల మేడలు ముందుగా అందుకొనును. ఒక ప్రక్క యారాడ కొండ, మరియొక ప్రక్క సింహాచలపు కొండల వరుస ఉన్నందున నగరము గిన్నెవలె నున్నది. అందుచే గాలి ఆడని దినములలో పొగయు ధూళియు బయటికి పోవు దారి లేక మా మీదనే నిలిచిపోవును. రేవుకు దగ్గరగానున్న పేటలలో తులసి ఆకును తుడిచినచో వేలికి నల్లని మసి అంటును. ఉప్పుగాలి మాత్రము ఎట్లో లోనికి వచ్చి కిటికీ ఊచలను, ఇనుప బీరువాను, కుట్టుమిషనును తినివేయును. నెల్లిమర్లలో ఇరువది యేండ్లు మన్నిన తలుపు గొళ్ళెము ఇచ్చట అందులో సగము కాలమైనను మన్నదు.

నీటి విషయము వేరు. విశాఖ కుళాయిలలో వచ్చు నీటిలో కొంత తాటిపూడి జలాశయమునుండి వచ్చును. ఆ జలాశయము విజయనగరము జిల్లాలో గోస్తనీ నదిపై నున్నది. బొర్రా గుహలను తొలిచినదని చెప్పెడి ఆ నదియే భీమిలివద్ద సముద్రమున గలియును. మేఘాద్రి గెడ్డ, ముడసర్లోవ, రైవాడ, దూరపు ఏలేరు కూడ ఈ నగరపు దాహము తీర్చుచున్నవి. ఊరు విడిచి వచ్చితిమని మేము విచారించునప్పుడు, మా జిల్లా నీరు కూడ మా వెంట వచ్చినదని పెద్దలు నవ్వుచు చెప్పెదరు. అయితే ఆ నీరు మేడమీది తొట్టిలోనికి తనంత తాను ఎక్కును; మా పేటలో దాని కొరకు తెల్లవారుజామున మేల్కొని కాచుకొని యుండవలెను. కుళాయి వద్ద వాదులాడుకొన్న ఇద్దరు ఇల్లాండ్రే సాయంకాలము ఒకరి బిడ్డను ఒకరు ఎత్తుకొందురు. ఇది మేము నిత్యము చూచునదే.

విశాఖకు వచ్చువారందరు సముద్రమును చూచుటకే రారు. ఈ మాట ముఖ్యమైనది. 1923 నుండి కింగ్ జార్జి ఆసుపత్రి ఉత్తరాంధ్ర జిల్లాలకును, ఒడిశా దక్షిణ ప్రాంతమునకును పెద్దదిక్కుగా నున్నది. నేడు నెల్లిమర్లలోనే వైద్య కళాశాల వెలసినను, పెద్ద జబ్బు అనగానే విశాఖ మాట తలచువారు ఇంకను కలరు. రోగికి ఆసుపత్రిలో మంచము దొరకును. వెంట వచ్చిన తల్లి, అన్న, పినతండ్రి ఎచ్చట నుందురు? లాడ్జీ అద్దె భరింపలేరు. అప్పుడు జేబులోనుండి ఒక చీటి బయటికి వచ్చును. దానిపై ఒక పేట పేరు, ఒక వీధి పేరు ఉండును. పరీక్షలు వ్రాయుటకు వచ్చిన పిల్లలకును, రేవులో పని దొరకునేమోనని వచ్చిన కుర్రవానికిని అదే చీటి ఆధారము.

ఆ చీటి చేరు ఇల్లు రెండు గదుల అద్దె వాటా. లోపల ఆడవారు, పిల్లలు పడుకొందురు. మగవారు అరుగుమీదనో, డాబామీదనో చాప వేసికొందురు. బియ్యము మరొక సోలెడు పడును. ప్రక్కవాటావారు ఒక గిన్నె పులుసు పంపుదురు. పదునైదు దినములైనను ఎన్నడు పోయెదరని ఎవ్వరును అడుగరు. రోగము కొంత నెమ్మదించిన పిమ్మట, ఎంత కష్టములో వచ్చినవారైనను, "ఇంత దూరం వచ్చాము, ఒక్కసారి సముద్రం చూపించు నాయనా" అని తప్పక అడుగుదురు. వారిని వెంటబెట్టుకొని పోయినప్పుడే మేమును ఏడాదికి ఒకటి రెండు మారులు సముద్రమును చూతుము! యాత్రికుల కొరకు హోటళ్ళు కలవు. బీదబంధువుల కొరకు ఈ నగరమున ఉన్న సత్రములు మా పేటలే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖమీదనే తీరము దాటెను. చెట్లు వేళ్ళతో లేచిపోయినవి. రేకులు ఎగిరిపోయినవి. కొన్ని దినములు కరెంటు లేదు, మోటారు లేక మేడలకు నీరెక్కలేదు. ఆ దినములలో చేదబావి మిగిలియున్న పేటలు అదృష్టము చేసికొన్నవి. తాడు, బకెట్టు గలవారు నీరు తోడి ఇచ్చిరి. గ్యాసుపొయ్యి గల ఇంట నాలుగు ఇండ్ల పాలు కాగినవి. ఇరుగుపొరుగు అనుమాట తుపానునాడు అక్కరకు వచ్చు వస్తువని అందరికి బోధపడినది.

ఇట్టి పేటలు నేడు తరిగిపోవుచున్నవి. పెంకుటిండ్లు పడగొట్టి అపార్టుమెంట్లు లేపుచున్నారు. అద్దె కట్టలేనివారు మధురవాడ ఆవలకో, గాజువాక ఆవలకో పోవుచున్నారు. కొందరికి ఊరి చివర గృహసముదాయములలో ఇల్లు దొరకుచున్నది. ఇల్లు దొరకుట మంచిదే. కాని నాలుగిండ్లలో పనిచేసికొను ఇల్లాలికి, గంపతో చేపలు అమ్ముకొను మనిషికి, రాత్రి షిఫ్టు దిగి వచ్చువానికి దూరము కూడ ఒక ఖర్చే. అద్దెలో మిగిలినది ఆటోకు, బస్సుకు పోవును; చీకటితో పోయి చీకటితో వచ్చువారికి బిడ్డల మొగము చూచుటకు వ్యవధి ఉండదు. మరియొకటి. అపార్టుమెంటునకు అరుగు లేదు. గేటువద్ద పేరు వ్రాసి, ఫోను చేయించి గాని లోనికి రానీయరు. నెల్లిమర్ల నుండి చీటితో వచ్చిన మనిషి అచ్చట ఎవరిని అడుగవలెను?

పేట నిలువవలె ననగా మురుగు నిలువవలెనని కాదు. మా సందులలోనికి ఆసుపత్రి వాహనము రాలేదు. కొండవాలున కట్టుకొన్న ఇండ్లకు వానకాలమున భయము తప్పదు. పాత కాలువలు పొంగి వాకిళ్ళలోనికి వచ్చును. వీనిని మేము గొప్పగా చెప్పుకొనుట లేదు. మేము కోరునది ఉన్నచోటనే బాగుచేయుమని. కాలువకు మూత, కొండమెట్లకు చేతికమ్మి, కుళాయిలో వేళకు నీరు, కాపురమున్నవానికి ఇంటిపై హక్కు చూపు కాగితము: ఇవి యున్నచో పేట తన్ను తాను నిలుపుకొనగలదు. తీరమున దీపములు, ఉద్యానములు వెలయుట మాకును సంతోషమే. ఆ దీపములకు తీగలు లాగువారు, ఆ తీరమును తెల్లవారకమునుపే ఊడ్చువారు మా పేటలవారే గదా. వారిని దూరముగా పంపి నగరమును అందముగా నుంచుట ఎన్నాళ్ళు సాధ్యమగును?

ఈ ప్రసంగమును వినుచున్నవారిలో ఎన్నడో ఒకనాడు విశాఖలో బంధువుల ఇంట దిగినవారు చాలమంది యుందురు. ఆ ఇల్లు ఏ పేటలో నుండినదో ఒకసారి జ్ఞాపకము చేసికొనుడు. ఈ మారు సముద్రమును చూడ వచ్చినప్పుడు ఆ వీధికి కూడ పోయి రండు. ఆ ఇల్లు ఉన్నదేమో, ఉన్నచో అందులో ఎవరున్నారో, లేనిచో వారు ఎచ్చటికి పోయిరో విచారింపుడు. మీకు ఆనాడు చాప పరచినవారు వారే.