చెత్తబుట్ట మనది, నిర్ణయం ఎవరిది?

అక్కచెల్లెళ్లారా,

2021 అక్టోబరు 2న ‘క్లాప్’ పేరిట చెత్త సేకరణ కార్యక్రమం మొదలైంది. పట్టణాల్లో ఇంటికి నెలకు 120 రూపాయల దాకా రుసుము పెట్టారు. తడి చెత్త, పొడి చెత్త వేరుచేసే జీతంలేని చాకిరీ మనదే. గుమ్మంలో నిలబడి డబ్బు అడిగిందీ మనల్నే.

రాజమహేంద్రవరం సంగతి మరీ అన్యాయం. 2014లో ఎన్నికైన పాలకవర్గం గడువు 2019లో ముగిసింది. 2021 మార్చిలో రాష్ట్రంలో చాలాచోట్ల పురపాలక ఎన్నికలు జరిగినా ఇక్కడ జరగలేదు. ఈ భారం వద్దని చేయెత్తడానికి మనకు కార్పొరేటరే లేదు. స్త్రీలకు సగం స్థానాలన్న హామీ కాగితంమీదే ఉండిపోయింది.

2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి చెత్త పన్ను రద్దు ప్రకటించారు. సంతోషమే. కానీ వేసినప్పుడూ, తీసినప్పుడూ మన ఊరికి ఎన్నికైన సభ లేదు.

ఒక్కమాట. రుసుము వద్దనడం చెత్తబండి వద్దనడం కాదు. తెల్లవారకముందే వీధులు ఊడ్చేవాళ్లలో దళిత స్త్రీలే ఎక్కువ. వాళ్ల జీతం మన గుమ్మంలో వసూళ్లమీద ఆధారపడకూడదు. అది ప్రభుత్వ బాధ్యత.

రేపు మరో పేరుతో రుసుము వస్తే ముందు వార్డులో చర్చ జరగాలి. ఎన్నికలు గడువులోగా జరగాలి. ఈ రెండూ కలిసి అడుగుదాం.