కోడలి ఫోను – కోడిగుడ్డు



మా కోడలికి ఇప్పుడు ఏడో నెల. ఆ మధ్య ఫోను పొట్టమీద పెట్టుకొని పాటలు వింటుంటే, "ఆ రేడియేషనుకు గుడ్లలో పిల్లలే చచ్చిపోతున్నాయటమ్మా" అనేశాను. పాపం, రెండు రాత్రులు నిద్రపోలేదు. అప్పుడు కూర్చుని చదివాను.

గుడ్ల మాట అబద్ధం కాదు. పొదిగే గుడ్ల పక్కన ఫోను ఉంచిన ప్రయోగాలు కొన్నింటిలో పిండాలు ఎక్కువగా చనిపోయాయి. మరికొన్నింటిలో తేడా కనబడలేదు. గుడ్డుకు 21 రోజులపాటు సుమారు 37.5 డిగ్రీల వేడి కావాలి. కాస్త మించినా ముప్పే. ఫోను తానూ వేడెక్కుతుంది. పైగా గుడ్డుకు పెంకే గాని తల్లి ఒళ్ళు అడ్డు లేదు.

మన తరానికి రేడియేషనంటే ఎక్స్‌రే. గర్భిణులకు తీసే ఎక్స్‌రేతో పుట్టబోయే బిడ్డకు కేన్సరు ముప్పుందని 1950లలో ఇంగ్లండులో డాక్టర్ ఆలిస్ స్టీవర్ట్ చెబితే, లోకం ఒప్పుకోవడానికి ఏళ్ళు పట్టింది. అందుకే నేనీ భయాన్ని కొట్టిపారేయను. అయితే ఎక్స్‌రేలాగా అణువుల బంధాలు తెంచే శక్తి ఫోను తరంగానికి లేదు. అది ముఖ్యంగా వేడి పుట్టిస్తుంది. దానికీ మన దేశంలో 2012 నుంచి హద్దుంది: ఒంటి కణజాలంలో కిలోకు 1.6 వాట్లు. ఆ లెక్క పేరు 'సార్'. రిటైరయ్యాక మనల్ని అలా పిలిచేవాళ్ళు తగ్గారు గాని, ఇదొకటి వచ్చింది!

"అయితే ఏం చెయ్యమంటారు, మావయ్యగారూ?" అంది కోడలు.

"పొట్టమీద వద్దమ్మా, బల్లమీద పెట్టుకో. సిగ్నలు అందనిచోట ఫోను ఎక్కువ శక్తి వాడుతుంది, అక్కడ మాటలు తగ్గించు" అన్నాను.

ఇప్పుడు పాటలు బల్లమీంచి వస్తున్నాయి. నాకూ వినబడుతున్నాయి.